తీగ చుట్టిన క్యారేజీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తీగ చుట్టని వస్తువంటూ ఉండేది కాదు. మా తాతయ్య రాయపూర్ రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. వ్యాగన్ తలుపులకు తీగ మెలేసి సీలు వెయ్యడం ఆయన పని. ఉద్యోగం అయిపోయినా ఆ మెలిక ఆయన వేళ్ళను వదల్లేదు. ఆవకాయ జాడీకి తీగ, విరిగిన గొడుగుకు తీగ, నా స్కూలు సంచి జిప్పు పాడైతే దానికీ తీగే. ఆయన నోటికి కూడా ఒకటి చుట్టేవాళ్ళుంటే బాగుండునని నాన్నమ్మ విసుక్కునేది.

మా నాన్న జగదల్‌పూర్ దగ్గర కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాడు. అమ్మ కూడా అక్కడే. నేను చదువు కోసం తాతయ్య దగ్గర రాయపూర్‌లో ఉండేదాన్ని. ఆ రోజుల్లో బస్తర్ అడవుల్లో జరుగుతున్నదాన్ని ఎవరూ యుద్ధం అనలేదు గానీ మా ఇంట్లో వార్తలు పెట్టగానే నన్ను లోపలికి తరిమేవారు. నేను తలుపు చాటున నిలబడి అన్నీ వినేదాన్ని. రోడ్ల కింద మందుపాతరలు, టిఫిన్ డబ్బాల్లో బాంబులు. విన్నవన్నీ రాత్రి దుప్పట్లోకి నాతోపాటే వచ్చేవి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవులకు తాతయ్య నన్ను బస్సులో అమ్మానాన్నల దగ్గరికి తీసుకెళ్తున్నాడు. నాన్నమ్మ మూడు గిన్నెల స్టీలు క్యారేజీ నింపింది. అడుగున పులిహోర, మధ్యలో దద్దోజనం, పైన మాగాయ. కొక్కెం వదులైందని తాతయ్య దానికి పైనుంచి కింది దాకా తీగ చుట్టి, చివర తన మెలిక వేశాడు.

రాయపూర్ దాటి గంటయినా కాలేదు, అభన్‌పూర్‌లో టైరు పోయి బస్సు ఆగింది. రోడ్డు పక్కనే జవాన్ల ట్రక్కులు నాలుగు ఆగి ఉన్నాయి. అడవికి కొత్తగా వెళ్తున్న దళం. తాతయ్య క్యారేజీ నా చేతికిచ్చి, కదలొద్దని చెప్పి, జాకీ ఎక్కడ పెట్టాలో డ్రైవరుకు నేర్పడానికి వెళ్ళాడు. ఎవరూ అడగలేదు, అయినా వెళ్ళాడు.

క్యారేజీ ఎండకు కాలుతోంది. దద్దోజనం పులిసిపోతే నాన్నమ్మ తిడుతుందని నా భయం. దగ్గర్లో నీడ ఒక్కచోటే కనిపించింది, ఆఖరి ట్రక్కు కింద, వెనక చక్రం పక్కన. కాపలా జవాను అవతలి వైపు ఉన్నాడు. క్యారేజీని ఆ నీడలోకి తోసి, బోరింగు దగ్గర నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఈలలు. "హటో, హటో!" అంటూ జవాన్లు జనాన్ని వెనక్కి నెడుతున్నారు. ఎవరో బాంబు అన్నారు. ఆ మాటతో ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. నేనూ వాళ్ళతోపాటే పరుగెత్తి చెరుకురసం బండి వెనక దాక్కున్నాను. అందరూ ఎటు చూస్తున్నారోనని తొంగిచూస్తే, చక్రం పక్కన తీగ చుట్టిన మా క్యారేజీ.

తాతయ్య పరుగున వచ్చాడు. "మేరా డబ్బా హై సాబ్, ఖానా హై!" అని, అది తన అన్నం డబ్బాయేనంటూ ట్రక్కు వైపు నడిచాడు. రెండు తుపాకులు ఆయన మీదికి తిరిగాయి. చేతులు తల మీద పెట్టించి నడిరోడ్డు మీద కూర్చోబెట్టారు. ఒక కాలికే చెప్పు ఉంది. అక్కడ పెట్టిందెవరని అధికారి గద్దించాడు. తాతయ్య కళ్ళు నాకోసం వెతికి, బండి వెనక నన్ను పట్టుకున్నాయి. మాట్లాడొద్దన్నట్టు తల కొంచెం ఆడించి, తనే పెట్టానన్నాడు. ట్రక్కు కింద ఎందుకు పెట్టావంటే, అన్నమే సాబ్ అని మళ్ళీ అదే అన్నాడు. తీగ ఎందుకంటే వ్యాగన్ల సంగతి మొదలుపెట్టాడు. ఆ సమయంలో వ్యాగన్లు ఎవరికి కావాలి? అధికారి గొంతు పెరిగింది.

నేను ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటే రాలేదు. తాతయ్యకు షుగరు ఉంది. ఎండలో ఆయన పక్కకు ఒరిగిపోతున్నాడు. నేను మాత్రం "తాతయ్యా, తాతయ్యా" అని నోట్లోనే గొణుక్కుంటున్నాను.

అది విన్నాడొక జవాను. ఇరవై ఏళ్ళుంటాయేమో. తుపాకీ పక్కవాడికిచ్చి, నాకు కాస్త దూరంలోనే గొంతుకూర్చున్నాడు.

"ఏటమ్మా, తెలుగోలా? బయమేత్తందా? నాకూ బయమేత్తంది. ఇదిగో, నా సెయ్యి సూడు."

చూశాను. చెయ్యి గజగజ వణుకుతోంది.

"నోరు రాపోతే ఏళ్ళతో సెప్పు. అందులో ఎన్ని గిన్నెలున్నాయి?"

మూడు వేళ్ళు ఎత్తాను. అడుగున ఏముందన్నాడు. పెదవులు కదిలి, ఎలాగో పులిహోర అన్న మాట బయటికొచ్చింది. ఆ వెనకే ఏడుపూ, పెట్టింది నేనేనన్న నిజమూ కలిసి వచ్చేశాయి.

అతను వెళ్ళి అధికారికి చెప్పాడు. రాయపూర్ నుంచి బాంబులు తీసేవాళ్ళు రావాలంటే చాలాసేపు పడుతుంది. అధికారి ముందు ఒప్పుకోలేదు. సొమ్మసిల్లుతున్న తాతయ్యను చూసి, చివరికి సరేనని అందరినీ ఇంకా దూరం పంపించాడు. జవాను నావైపు ఒకసారి చూసి, నేల మీద పాకుతూ ట్రక్కు కిందికి వెళ్ళాడు.

అప్పుడు నాకు పట్టిన భయం మరెప్పుడూ పట్టలేదు. నాన్నమ్మ గిన్నెలు నింపుతుంటే పక్కన కూర్చుని చూసిన నాకే, అది నిజంగా మా క్యారేజీయేనా, నేను నీళ్ళకు వెళ్ళినప్పుడు ఎవరైనా మార్చేశారా అన్న అనుమానం వచ్చింది. ఎత్తిన మూడు వేళ్ళు దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

తీగ విడింది. మూత లేచింది. అతను పులిహోర గిన్నె పైకెత్తి అందరికీ చూపించి, అక్కడే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఆ తరవాత తాతయ్యను నీడలో కూర్చోబెట్టి చెరుకురసం తాగించారు. కాస్త తేరుకోగానే ఆయన దద్దోజనం, పులిహోర జవాన్లందరికీ పంచాడు. ఆ కుర్రాడికి తన మెలిక కూడా నేర్పాడు. బస్సు హారన్ కొడుతుంటే క్యారేజీ వాడి చేతిలోనే పెట్టి, "నీకాడే ఉంచు బాబూ, అడివి నుంచి తిరిగొచ్చి ఇద్దువుగాని" అన్నాడు. రైల్వే కాలనీలో తెలుగు గూడ్సు బాబు ఇల్లంటే ఎవరైనా చూపిస్తారని గుర్తు చెప్పాడు.

క్యారేజీ పోయిందని నాన్నమ్మ తిట్టలేదు. అడవిలో కాల్పులన్న వార్త వచ్చినప్పుడల్లా మాత్రం, "ఆ బాబు గిన్నె ఇంకా తేనేదే" అని నాతో అనేది. ఆ మాట వినగానే నేను వీధి గుమ్మం వైపు చూసేదాన్ని. నన్ను మాట్లాడించడానికి ఆ జవాను భయం ఎంత బాగా నటించాడోనని తాతయ్య మెచ్చుకునేవాడు. నేనూ అదే నమ్మాను. తరవాత టీచరునై, మా క్లాసు పిల్లలకూ ఈ కథ అలాగే చెప్పాను. తాతయ్య, నాన్నమ్మ అతని రాక చూడకుండానే పోయారు.

పోయిన ఏడాది శంకర్ నగర్‌లోని మా ఇంటికి ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. పెన్షను కాగితాల పనిమీద రాయపూర్ వచ్చి, పాత కాలనీలో పదిమందిని అడిగి మా గుమ్మం కనుక్కున్నాడట. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. దానికి తీగ. చివర అచ్చం తాతయ్య మెలిక. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వాళ్ళమ్మ చెప్పిందని, మూడు గిన్నెల నిండా పలాస జీడిపప్పు పోసుకొచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాఫీ తాగుతుండగా, ఆ రోజు చెయ్యి ఎంత బాగా వణికించారన్నయ్యా అన్నాను. ఆయన నవ్వాడు.

"నాటకమేటమ్మా! అడివికెల్లడం అదే మొదలు. పొద్దున్నించీ వణుకుతానే ఉన్నాను."

"మరి ట్రక్కు కిందికి ఎలా వెళ్ళగలిగారు?"

"నువ్వు మూడేళ్ళెత్తి నిలబడినావు గదా. అయి సూసుకుంటా ఎల్లిపోనాను."

ఆ వేళ్ళ వెనక నా అనుమానం సంగతి ఆయనకు తెలియదనుకున్నాను. దాచుకోవచ్చు. కానీ భయాన్ని ఒప్పుకోవడం ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన దగ్గరే మరిచిపోతే ఎలా? చెప్పేశాను. మీరు ట్రక్కు కిందికి వెళ్ళాక నాకే నమ్మకం పోయింది, అది మాది కాదేమో అనుకున్నాను అని.

"తెలుసమ్మా. నీ మొగం సూసినాను. అయినా సెయ్యి దించనేదు గదా!"

ఇప్పుడు మా క్లాసులో ఏ పిల్లయినా భయంతో నోరు పెగలక నిలబడితే, నేను దూరంగా గొంతుకూర్చుని నా చెయ్యి చూపిస్తాను. అది వణకని రోజు ఇంతవరకూ రాలేదు. నటించాల్సిన అవసరమే పడలేదు.