గుమ్మం దగ్గర పింగాణీ తొట్టి

పోయిన నెల మద్దిలపాలెంలో బాత్రూమ్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కాస్త ఎత్తు కమోడ్ చూసుకోమని మావారి సలహా. దుకాణంలో అమ్మాయి రిమోట్ మీద ఏదో నొక్కింది. కమోడ్ లోపలినించి సన్నటి నీటిధార లేచింది. "చెయ్యి పెట్టక్కర్లేదు మేడమ్, ఇప్పుడే కొత్తగా వచ్చింది" అంది. నాకు నవ్వాగలేదు. కొత్తేమిటమ్మా, ఇలాంటి ధారతోనే నా పెళ్ళినాడు కాళ్ళు కడుక్కున్నాను అందామనుకుని, పిల్ల బెదిరిపోతుందని ఊరుకున్నాను.

మా మావయ్యగారు పోర్టులో ఫిట్టరు. పాత ఓడలు విప్పిన సామాను వన్‌టౌన్‌లో ఎక్కడ అమ్మినా అక్కడ ఆయనే ముందుండేవారు. ఇంట్లో కమోడ్, దాని పైన తలకంటే ఎత్తున బిగించిన ఇనప ట్యాంకు, దానికి వేలాడే గొలుసు, అన్నీ ఓడలవే. గొలుసు లాగితే ఇల్లంతా అదిరేది. ఫిట్టరుగారు లేచారని సందులోవాళ్ళు గడియారం చూసుకునేవారు. వాటితోపాటే ఒక తెల్ల పింగాణీ తొట్టి కూడా వచ్చింది. మోకాలెత్తున, కోలగా, రెండు కుళాయిలతో ఉండేది. తిప్పితే అడుగునించి నీళ్ళు పైకి చిమ్మేవి. మావయ్యగారు ఒక పూటంతా ఆలోచించి, అది కాళ్ళు కడుక్కునేదని తేల్చారు. "అరికాలు కూడా వదల్దు సూడు, దొరల బుర్రే బుర్ర!" అని మురిసిపోయి వీధిగుమ్మం పక్కనే బిగించేశారు. బయటినించి వచ్చినవాళ్ళెవరైనా కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలన్నది ఆ ఇంటి చట్టం. పాలవాడు, పురోహితుడుగారు, కొత్త కోడలిగా నేను, అందరం అందులో పాదం పెట్టినవాళ్ళమే. పురోహితుడుగారైతే హాయిగా ఉందని కాసేపు ఎక్కువే ఉంచేవారు.

అలా చాలా ఏళ్ళు గడిచాక అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది, గోడ పట్టుకుని నడిచేది. చెయ్యి తేరుకోలేదు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా అని చూడవచ్చినవాళ్ళు ఓదార్చేవారు. వాళ్ళకేం తెలుసు! అన్నం తినే చేత్తో దొడ్డికెళ్ళి కడుక్కోవడమంటే అత్తయ్యకి చావుతో సమానం. నేను కడుగుతానన్నాను. రెండు రోజులు కళ్ళు గట్టిగా మూసుకుని కడిగించుకుంది. తరవాత తిండి మానేసింది. తింటే వెళ్ళాలి కదా. పూటకి రెండు ముద్దలు, అరగ్లాసు నీళ్ళు, అంతే. మనిషి ఎండిపోయింది. ఇలాగైతే దక్కదని డాక్టరు చెప్పేశారు. నాకు భయంతోపాటు కోపం కూడా వచ్చేది. కడగడానికి నాకు లేని సిగ్గు ఆవిడకెందుకని.

ఆ రోజుల్లోనే ట్యాంకు గొలుసు తెగింది. వన్‌టౌన్ నించి ప్లంబరు సాయిబుగారు వచ్చారు, ఓడల్లో బాత్రూములు బిగించీ బిగించీ తల నెరిసిన మనిషి. అలవాటుగా, కాళ్ళు కడుక్కుని రమ్మన్నాను. ఆయన తొట్టికేసి చూశారు, నాకేసి చూశారు, ఒక కాలెత్తి మళ్ళీ దించేశారు.

"ఏటనుకోకండమ్మా," అని వీధివైపు తిరిగి నుంచుని చెప్పారు. "ఇది కాల్లకి కాదు. దొరలు దొడ్డికెల్లొచ్చాక దీనిమీద కూకుంటారు. కుళాయి తిప్పితే నీల్లే కడిగేత్తాయి. సెయ్యెట్టక్కర్లేదు."

పురోహితుడుగారి పాదాలు కళ్ళముందు మెదిలాయి. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చిపోవాలి నేను. కానీ నా బుర్ర ఆయన చివరిమాట దగ్గరే ఆగిపోయింది.

"దీన్ని ఇప్పుడే పీకి లోపల బిగించగలరా?" అన్నాను.

సాయంత్రానికి గొలుసు బాగయింది, తొట్టి కమోడ్ పక్కకి చేరింది. కుళాయిలు కుడిచేతికి అందేలా పెట్టి, పట్టుకుని లేవడానికి గోడకో ఇనప గొట్టం కూడా వేసి వెళ్ళారు సాయిబుగారు. మావయ్యగారు మాత్రం "మరి ఇన్నాల్లూ కాల్లు తెల్లగా అవ్వలేదేటి?" అని గొణుక్కున్నారు.

మర్నాడు పొద్దున్న అత్తయ్య వెంట లోపలికి వెళ్ళబోయాను. కుడిచేత్తో నన్ను ఆపి తలుపు వేసుకుంది. బయటే నుంచున్నాను. చాలాసేపు చప్పుడు లేదు. కుళాయి తిరిగింది. "ఓలమ్మో!" అని కేక. తలుపు తోయబోయాను.

"రాకు! నీల్లు సల్లగున్నాయంతే!"

అంతలో గొలుసు లాగిన మోత. ఇల్లు అదిరింది. అరుగుమీద పేపరు చదువుతున్న మావయ్యగారు లేచి నుంచున్నారు. తలుపు తెరుచుకుంది. కుచ్చిళ్ళు తడిసి, జుట్టు రేగి, వంకర తిరిగిన ఆ నోటినిండా నవ్వుతో గోడ పట్టుకుని నిలబడి ఉంది అత్తయ్య.

"నానే సేసుకున్నాను," అంది. "రాత్రి సేపల పులుసుందేటి? అన్నం ఎట్టు."

ఆ పూట మూడుసార్లు మారు అడిగింది. వడ్డిస్తూ నేను ఏడ్చాను, ఆవిడ చూసీ చూడనట్టు తింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఎవరిచేతా చెయ్యి పెట్టించుకోకుండా బతికింది.

రిమోట్ కమోడే కొన్నాను. ఇప్పుడు వంతు నాది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా, నా తలుపు నేనే వేసుకుని, నేనే తీసుకుని బయటికొచ్చే ప్రతి పొద్దునా అత్తయ్య మళ్ళీ గెలిచినట్టే ఉంటుంది.