ఏడుంది భయం, సావిత్రక్కా?

ఈ గ్రూప్‌లో నేనెప్పుడూ ఏమీ రాయను. శనివారం ఆంజనేయస్వామి ఫోటో పెడతాను, అంతే.

నిన్న పొద్దున పూజలో ఉండగా ఫోన్ వచ్చింది.
సావిత్రక్క ఇక లేదని.

హారతి పళ్ళెం చేతిలోనే ఉంది. కర్పూరం ఆరిపోయేదాకా అట్లాగే నిలబడ్డాను.

నిన్నంతా అందరూ అక్క శిష్యులు తెచ్చిన స్టేట్ లెవెల్ కప్పుల గురించే మాట్లాడారు. మా ఇంటికి ఆమె ఏం చేసిందో నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

మా స్వాతి మూడో క్లాసులో ఉండగా వాళ్ళ నాన్న పోయారు. పొద్దున లింగసుగూరు బస్సెక్కిన మనిషి సాయంత్రానికి లేరు.

ఆ తర్వాత పిల్ల నన్ను వదల్లేదు. నేను స్నానానికి వెళ్ళినా తలుపు బయట కూర్చునేది. స్కూల్ మానేసింది. నేను మొక్కని దేవుడు లేడు.

మా గల్లీలోనే ఉండే సావిత్రక్క ఒకరోజు వచ్చి, పిల్లను ప్రాక్టీస్‌కి పంపమంది. కుస్తీలు నేర్పే పాత గరడీ మనె వెనక ఖాళీ జాగాలో పిల్లలకు మల్లకంబ నేర్పేది. భూమిలో పాతిన కొయ్య స్తంభం, దానికి ఆముదం రాస్తారు. పిల్లలు పైకి పాకి, కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా నిలవాలి.

నేల మీదే వణికే పిల్లను స్తంభం ఎక్కిస్తుందా అనుకున్నాను.

మొదట చాలా రోజులు కింద పడటం ఒక్కటే నేర్పింది. మట్టిలో పడి లేవడం, మళ్ళీ పడటం. ట్రైనింగ్‌లో అక్క ఎవరినీ గారం చేసేది కాదు. స్వాతి బట్టలు ఎంత ఉతికినా ఆముదం వాసన పోయేది కాదు.

ఎక్కే రోజు వచ్చింది.

స్వాతి కొంచెం పాకేది, నన్ను చూసేది, జారిపోయేది. నేను కింద నిలబడి స్వామిని తలుచుకుంటున్నాను.

అక్క నా పక్కకు వచ్చి మెల్లగా అంది. "గోడ అవతలికి పో చెల్లె. అది కంబం పట్టుకుంటలేదు, నీ మొకం పట్టుకుంటున్నది."

వెళ్ళాను. గోడకు చెవి ఆనించాను. బిడ్డ ఏడుస్తోంది. అక్క ఓదార్చలేదు. భయపడకు అని కూడా అనలేదు.

"భయం ఏడుంది?" అని అడిగింది.

స్వాతి వెక్కుతూ, "మోకాళ్ళల్ల."

"చేతుల్ల లేదు గద? మరి చేతులతోని పట్టు."

పిల్లలు చప్పట్లు కొట్టాక గానీ నేను ఇవతలికి రాలేదు. స్వాతి పైన తలకిందులుగా ఉంది, ముఖమంతా ఎర్రగా.

అక్క మెచ్చుకోలేదు. "సాలు, దిగు. ఇంటికి పోయి రొట్టె తిను" అంది.

ఆ తర్వాతి సోమవారం స్కూల్ గేట్ దగ్గర నా బిడ్డ ఆగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "ఈడుందమ్మా. కాళ్ళల్ల లేదు" అని చెప్పి, నడుచుకుంటూ లోపలికి పోయింది.

మొన్న అక్కను చూడటానికి స్వాతి, నేను ఆసుపత్రికి వెళ్ళాం. అక్కలో ఎముకలే మిగిలాయి. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతోంది. నేను వార్డ్ తలుపు దగ్గరే ఆగిపోయాను.

స్వాతి మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడుందక్కా?"

అక్క స్వాతి వైపు తల తిప్పింది.

"అంతట ఉంది బిడ్డా."

"చేతుల్ల లేదు. సూడు, ఎంత గట్టిగ పట్టుకున్నవో."

నర్సమ్మ వచ్చి టైమ్ అయిందనేదాకా అక్క ఆ చెయ్యి వదల్లేదు.

నిన్న స్నానం చేయించేటప్పుడు చూశాను. అరచేతుల్లో కాయలు అట్లాగే ఉన్నాయి.

ఒక్క మాట. అక్కకు పొగడ్తలు నచ్చేవి కావు. దీన్ని మీ దగ్గరే దాచుకోండి. ఎవరికీ చూపించకండి, ఫార్వర్డ్ చేయకండి.

అక్కా, ఇక నువ్వు గట్టిగా పట్టుకోనక్కర్లేదు. స్వామి పట్టుకుంటాడు.
చేతులు వదిలి, చల్లగా నిద్రపో.