కొట్టేసిన జబ్బు

నాకు పదేళ్ళప్పుడు, ఒక జ్వరం పుణ్యమా అని, నా గుండెలో ఏదో చప్పుడుందని బయటపడింది. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో పిల్లల డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "చిన్న చప్పుడున్నది. చానామంది పిల్లలకుంటది. జబ్బు కాదు, పెరిగితే దానంతటదే పోతది" అన్నారు. నన్ను తీసుకెళ్ళిన బామ్మ మొదటి మాట వరకే విన్నది. రిక్షాలోనే ఏడుపు మొదలుపెట్టింది.

మాది అశోక్‌నగర్. తాతగారి ఉద్యోగం వల్ల ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో నా హోదా మారిపోయింది. కుళాయి దగ్గర బిందె మోసే పని పోయింది. పక్కలు ఎత్తే పని పోయింది. లెక్క తప్పు చేసినా నాన్న గొంతు పెంచడం మానేశారు. డాక్టరుగారు చెప్పిన రెండో మాట నన్నెవరూ అడగలేదు. అడగని మాట చెప్పే అలవాటు నాకు లేదు.

ఇంట్లో సాగింది కానీ నారాయణగూడలో మా స్కూలు డ్రిల్లు టీచరు దగ్గర సాగలేదు. రోజూ మైదానం చుట్టూ మూడుసార్లు పరుగెత్తాలి. "గుండెలో చప్పుడుంది మేడమ్" అన్నాను.

"చప్పుడు ఆగినప్పుడు చెప్పు, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారావిడ.

దాంతో నాకు కంటికి కనిపించే జబ్బొకటి అవసరమైంది.

అది మా గోడ పక్కనే దొరికింది. పక్కన పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పాలమూరు నుంచి పనికొచ్చిన ఒక జంట ఆ సైటులోనే రేకుల షెడ్డులో ఉండేవారు. వాళ్ళకి నాలుగేళ్ళ కూతురు. సాయంత్రాలు ఇసక కుప్ప దగ్గర మేం ఆడుతుంటే అదీ వచ్చేది. పది అడుగులు పరుగెత్తి, ఉన్నట్టుండి గొంతుక్కూర్చునేది. మోకాళ్ళు ఛాతీకి ఆనించి, తల వంచుకుని, పిలిచినా పలికేది కాదు. కాసేపటికి లేచి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఆటలోకి వచ్చేది. కూర్చున్నవాళ్ళని ముట్టుకోకూడదని వాళ్ళ ఊళ్ళో నియమం కాబోలనుకుని మేం దాన్ని ఔట్ చేసేవాళ్ళం కాదు.

ఆ కూర్చోవడం నాకు తెగ నచ్చింది. కిందపడితే దెబ్బ తగులుతుంది, దగ్గితే ఎవరూ నమ్మరు. ఇందులో ఆ రెండు బాధలూ లేవు. రెండు రోజులు మేడ మీద సాధన చేశాను. మూడో రోజు మైదానంలో సగం చుట్టు తిరిగి, గొంతుక్కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టేశాను. టీచరు నిజంగానే కంగారుపడి ఇంటికి చీటీ రాసి పంపారు. బామ్మ ఆ చీటీ చదివించుకుని వెంటనే చీర మార్చుకుంది.

బయల్దేరేముందు నేను ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. ఆ పిల్ల కూర్చున్నప్పుడు పెదాలు నల్లనీలంగా అవడం చూశాను. అవి నేరేడు పళ్ళ రోజులు. గుప్పెడు నమిలి గింజలు ఉమ్మేసి రిక్షా ఎక్కాను.

డాక్టరుగారు ముందు నుంచి విన్నారు, వెనక నుంచి విన్నారు, పడుకోబెట్టి విన్నారు.

"పరుగెత్తితే కూర్చుండిపోతోందిట డాక్టరుగారూ" అంది బామ్మ.

"ఎట్ల కూర్చుంటవ్? చూపియ్యి."

చూపించాను. అడక్కుండానే కొంచెం ఆయాసం కూడా కలిపాను. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి చూశారు.

"ఎంతసేపు?"

"ఒక నిమిషం. తర్వాత మామూలైపోతుంది. నోరు కూడా నీలంగా అవుతుంది" అని నాలుక చాపాను.

ఆయన గ్లాసుతో నీళ్ళిచ్చి పుక్కిలించమన్నారు. నా జబ్బులో సగం ఆయన వాష్‌బేసిన్‌లో కొట్టుకుపోయింది. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు.

"నీది గుర్రం గుండె" అన్నారు. "గట్ల కూర్చునుడు నీ అంతట నువ్వు కనిపెట్టలేవు. మేము పుస్తకంల చదువుకున్నం. నువ్వు ఎవరి దగ్గర కొట్టేసినవ్?"

చెప్పేశాను. ఆయన మొహంలో కోపం లేదు, తొందర ఉంది. బయట బెంచీ మీదున్నవాళ్ళతో "జర కూర్చోండి, అర్ధగంటల వస్త" అని, మెడలో స్టెతస్కోపు అలాగే ఉంచుకుని మాతోపాటు ఆటో ఎక్కారు. దారిలో బామ్మ నాకు రెండుసార్లు తొడపాశం పెట్టింది.

సైటులో పిల్ల తల్లి ఇసక జల్లెడ పడుతోంది. డాక్టరుగారు సంగతి అడిగితే నవ్వేసింది.

"అది మొండిది సారు. నాలుగడుగులు నడిస్తె కూలవడ్తది. ఎత్తుకోవాల్నని నాటకాలు."

"నాటకాలు ఆడేటోళ్ళు వేరే ఉన్నరమ్మా" అన్నారాయన, నా వైపు చూడకుండా. "మూతి గట్లెందుకున్నది?"

"ఎండకు సారు. మా రంగు గూడ నలుపే గద."

"ఎండకు పెదాలు నల్లవడొచ్చు. నాలుకకు ఎండ తగలదు గద."

మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నాలుకలు చాపమన్నారు. నాది అప్పుడే కడిగిన నాలుక. దానిది నేరేడు రంగు. అదీ పుక్కిలించింది, రంగు మాత్రం కదల్లేదు. తర్వాత ఎవరి చూపుడువేళ్ళు వాళ్ళు గోరుకి గోరు ఆనించమన్నారు. నా గోళ్ళ మధ్య చిన్న కిటికీలాంటి సందు కనిపించింది. ఆ పిల్ల వేళ్ళ కొసలు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి, మధ్యలో సందే లేదు. రక్తానికి గాలి చాలకపోతే వేళ్ళు అలా అవుతాయట. ఆఖరికి కంకర కలిపే మిషను ఆపించి, సిమెంటు బస్తా మీద కూర్చోబెట్టి గుండె విన్నారు.

"నీ బిడ్డ మొండిది కాదమ్మా" అన్నారు. "పుట్టుకతోనే గుండెల రంధ్రం ఉన్నట్టున్నది. ఊపిరితిత్తులకు రక్తం పోయే తొవ్వ గూడ ఇరుకైనట్టున్నది. గట్ల ముడుచుకొని కూర్చుంటే అటుదిక్కు జర ఎక్కువ రక్తం పోతది, పానం కుదుటవడ్తది. ఎవ్వరు చెప్పకుండనే తన మందు తనే కనిపెట్టుకున్నది. స్కాన్ తీస్తే పక్కా తెలుస్తది."

ఆవిడ జల్లెడ కింద పెట్టింది. "నడువకుంటె నేను కొట్టిన సారు" అంది.

"తెల్వక కొట్టినవ్. ఇగ కొట్టకు."

ఇసక కుప్ప చుట్టూ నేను ఆ పిల్లని తరిమిన సాయంత్రాలు గుర్తొచ్చి నేనూ తల వంచుకున్నాను. అది మాత్రం నా వైపు ఇంకోసారి నాలుక చాపింది. ఆటనుకుంది.

పెద్దాసుపత్రిలో తనతో చదువుకున్నాయనకి డాక్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. ఎక్స్‌రేలో దాని గుండె బూటు ఆకారంలో కనిపించిందట. స్కాన్ తీస్తే ఆయన చెప్పినట్టే తేలింది. ఆపరేషన్ మాటెత్తగానే పిల్ల తండ్రి భయపడ్డాడు. "కోస్తె బతుకుతదా సారు?" అని అడిగాడు. ప్రమాదం లేదని తాను చెప్పలేననీ, అలాగే వదిలేస్తే పిల్ల పెరిగి పెద్దవడం కష్టమనీ డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. వాళ్ళు ఆలోచనలో పడితే బామ్మ రంగంలోకి దిగింది. "గుండె జబ్బుల సంగతి నాకు తెలుసమ్మా, మా ఇంట్లో ఒకటి చూశాను" అని ధైర్యం చెప్పి, ఆసుపత్రికి ప్రతిసారీ వాళ్ళతో వెళ్ళింది. ఆ ఒకటి ఎలాంటిదో ఆవిడ వాళ్ళకి చెప్పలేదు.

నాకు శిక్ష కూడా ఉత్తరం రూపంలోనే వచ్చింది. డాక్టరుగారు కవరు అంటించి, డ్రిల్లు టీచరుకిమ్మని నా చేతికే ఇచ్చారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఆ నెలంతా నేను మూడుకి బదులు ఐదు చుట్లు పరుగెత్తాను.

దసరా సెలవుల్లో ఆ పిల్లకి ఆపరేషన్ అయింది. వాళ్ళమ్మ ఆసుపత్రి వరండాలో పది రోజులు పడుకుంది. తిరిగొచ్చాక పిల్ల తన ఛాతీ మధ్య ఆపరేషన్ నిలువు గీతని వీధిలో పిల్లలందరికీ గౌను ఎత్తి చూపించేది. మా వీధిలో గుండెకి సంబంధించిన గౌరవమంతా దానికే పోయింది. నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది. సంక్రాంతి దాటాక ఒకరోజు నా చెప్పు ఒకటి ఎత్తుకుని సందు చివరిదాకా ఆగకుండా పరుగెత్తింది. ఐదు చుట్ల అనుభవం ఉండి కూడా నేను పట్టుకోలేకపోయాను.

మరుసటేడు బిల్డింగు పూర్తయి వాళ్ళు గాంధీనగర్‌లో ఇంకో సైటుకి మారారు. ఒకసారి బామ్మతో చూడ్డానికి వెళ్ళాను. పిల్ల ఇంట్లో లేదు.

"ఒక్క కాడ నిలువదమ్మా" అని మొరపెట్టుకుంది వాళ్ళమ్మ. "పొద్దుగాల పోతే మాపటికొస్తది. దాని ఎనక ఉరకలేక పరేషాన్ అయితున్న."

బామ్మ ఇటుకల మీద కూర్చుని ఆ ఫిర్యాదంతా విని, చెవులు సరిగా వినపడలేదని చెప్పి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకుంది.