మల్లేశం వల, నా ఖాళీ గడి

మనుషులు రోజులో ఎంతసేపు పనిచేస్తారో, ఎంతసేపు తీరిగ్గా ఉంటారో తెలుసుకునే సర్వే మాది. ఫారంలో గంటకో గడి ఉంటుంది. అందులో 'పని' అనో 'తీరిక' అనో రాయాలి. అడిగేవాళ్లు కూడా రోజూ తమ ఫారం నింపి తీరాలని మా ప్రొఫెసర్ గారి పట్టుదల.

ఈ ఉదయం శామీర్‌పేట చెరువు ఒడ్డున మల్లేశం అనే పెద్దాయన చిరిగిన వల కుట్టుకుంటూ, ఫోన్లో పాటలు వింటూ కూర్చున్నాడు.

"ఇది పనా, తీరికా బాబాయ్?" అని అడిగాను.

"చెప్త గని, జర గా కొస గుంజి పట్టుకో బిడ్డా" అన్నాడు.

పట్టుకున్నాను. చేతికి చిక్కి జారిపోయిన బొచ్చె చేప కథ చెబుతూ ఆయన కుడుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చేప ఇంకాస్త పెద్దదవుతోంది. నవ్వుతూనే గంట గడిచిపోయింది. అప్పుడు ఫారం గుర్తొచ్చి మళ్లీ అడిగాను.

"నాకు తీరికనే రాస్కో. పని సగం నువ్వే జేస్తివి గదా!"

అలాగే రాశాను. ఇప్పుడు తూంకుంటలో మా ఇంట్లో నా ఫారం ముందేసుకుని కూర్చున్నాను. చెరువు ఒడ్డున గడిపిన ఆ గంట గడి ఒక్కటే నిండడం లేదు. పని అని రాద్దామంటే ఆ గంటలో ఒక్క ప్రశ్నా ముందుకు సాగలేదు. తీరిక అని రాద్దామంటే వల దారం కోసుకుపోయి వేళ్లు ఇంకా మండుతున్నాయి. ఈ నెలలో ఇంత హాయిగా గడిచిన గంట మాత్రం ఇంకొకటి లేదు.

మీరైతే ఏం రాస్తారు? ప్రొఫెసర్ గారు అడిగేలోపు చెప్పండి.