బెంచీ మీద పెద్దమ్మ వదులుకున్న వంతు

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరు దగ్గినా ముందు పెద్దమ్మ చెయ్యి నుదుటి మీద పడేది. ఆ తర్వాతే "ఏమైంది బిడ్డా" అన్న మాట.

మా అమ్మకు అక్క ఆమె. పేరు సంతోషమ్మ. పెద్దనాన్న పోయాక మెదక్ నుంచి మా దగ్గరికే వచ్చేసింది. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. పెద్దమ్మ ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. బడి నుంచి రాగానే మా సేవ. అమ్మ కన్నది, పెద్దమ్మ సాకింది... అంతే తేడా.

అబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక గల్లీలో ఒక డాక్టర్ సాబ్ గది ఉండేది. పేరు రాసుకోవడాలు, చీటీలు ఏమీ లేవు. పోయి బయట బెంచీ మీద కూర్చోవడమే. మన ముందు ఎవరొచ్చారో గుర్తుంటే చాలు. కడిగిన సీసా తీసుకెళ్తే కంపౌండర్ గులాబీ రంగు మందు పోసి, ఎన్ని మోతాదులో తెలిసేలా పళ్లు పళ్లుగా కత్తిరించిన కాగితం అంటించేవాడు.

ఏ రోగానికి ఎక్కడికి పోవాలో మా ఇంట్లో తేల్చేది పెద్దమ్మే. జలుబుకు మిరియాల కషాయం. తగ్గని జ్వరానికి, చెవిపోటుకు, సెగ్గడ్డకు డాక్టర్ సాబ్ బెంచీ. "రక్తం ఆగకున్నా, ఊపిరి అందకున్నా, మనిషి తెలివి తప్పినా బెంచీ మీద కూసునుడు లేదు. సీదా పెద్ద దవాఖాననే" అనేది.

ఒకసారి మా తమ్ముడు నీళ్లనుకుని కిరోసిన్ తాగేశాడు. అమ్మ ఏడుస్తూ "డాక్టర్ సాబ్ దగ్గరికి పోదాం" అంటే పెద్దమ్మ వినలేదు. వాణ్ణి ఒళ్లో వేసుకుని రిక్షా ఎక్కి దవాఖానకే పట్టుకుపోయింది. వాడు బతికాడు. ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్నాడు.

ఆ శనివారం ఒంటిపూట బడి. మండే ఎండ. నాకు పదేళ్లు. బడి నుంచి వచ్చిన పెద్దమ్మ లోపలికి రాకుండా గడప మీదే కూలబడింది. ఎడమ భుజం నొక్కుకుంటోంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది.

అమ్మ అప్పుడు బాలింత. చెల్లెలు పుట్టి ఇరవై రోజులు కూడా కాలేదు. నాన్న లక్డీకాపూల్‌లో ఆఫీసులో ఉన్నాడు.

"అక్కా, నీ మొఖం మంచిగ లేదు. పెద్ద దవాఖానకు పోదాం. ఆయనకు కబురు పంపుత" అంది అమ్మ.

"గింత దానికి పెద్ద దవాఖాననా? ఎండకు పైత్యం చేసింది. జర మందు తాగితే పోతది. నువ్వు బాలింతవు, బయటికి రాకు. పిల్లను తోడు తీస్కపోత" అంది పెద్దమ్మ.

నేనూ పెద్దమ్మా డాక్టర్ సాబ్ గదికి నడుచుకుంటూనే వెళ్లాం. దారిలో రెండుసార్లు దుకాణాల నీడన ఆగింది. "కాళ్లు గుంజుతున్నయ్" అంది. నేను నమ్మాను...

బెంచీ నిండా జనం. చాలాసేపటికి మా వంతు వచ్చింది. అప్పుడే ఒకామె చెయ్యి కాలిన పసివాణ్ణి ఎత్తుకుని వచ్చింది. "నువ్వు పో తల్లీ" అంది పెద్దమ్మ. తర్వాత ఆయాసపడుతున్న ముసలాయన వచ్చాడు. ఆయనకూ దారిచ్చింది.

"పెద్దమ్మా, మన వంతు!" అన్నాను ఉక్రోషంగా.

"ఉండనీ బిడ్డా. నాకేం తొందర?"

అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట.

కొంచెంసేపటికి ఆమె తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయిందనుకున్నాను. పొద్దున్నుంచి అలసిపోయింది కదా... కదిలితే లేస్తుందేమోనని బొమ్మలా కూర్చున్నాను. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. పెద్దమ్మ నా మీద వాలడం అదే మొదటిసారి. లోపల ఎక్కడో గర్వంగా కూడా ఉంది.

కంపౌండర్ వచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. తర్వాత గట్టిగా "డాక్టర్ సాబ్!" అని అరిచాడు.

డాక్టర్ సాబ్ పరుగున బయటికొచ్చి నాడి పట్టుకున్నాడు. "ఎంతసేపటి సంది గిట్లున్నది?" అని అడిగాడు. నేను పెద్దమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. ఆయనే తన కారులో పెద్దమ్మను దవాఖానకు తీసుకుపోయాడు. గుండెపోటు అన్నారు. దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ లేదు.

మర్నాడు డాక్టర్ సాబ్ మా ఇంటికి వచ్చాడు. నాన్న ముందు తల వంచుకుని కూర్చున్నాడు. "నా గది బయటనే కూసున్నది. నేను లోపల గడ్డలకు పట్టీ కడుతున్న... ఒక్కసారి బయటికి తొంగి చూస్తే బతుకుతుండెనేమో" అన్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చుకున్నాడు. మధ్యమధ్యలో లేచి వచ్చి బెంచీ మీద ఒక్కొక్కరి మొఖం చూసేవాడు. "ఛాతీల నొప్పి ఎవరికన్న ఉన్నదా? చెమటలు పడుతున్నయా?" అని అడిగి, ఉన్నవాళ్లను వెంటనే దవాఖానకు పంపించేవాడు.

నేను మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు... నిద్రనుకుని కదలకుండా కూర్చున్న సంగతి. పెళ్లయ్యి, నాకు బిడ్డ పుట్టాక ఒక రోజు అమ్మ దగ్గర బయటపడ్డాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఔ బిడ్డా... మా అక్క ఎన్నడు ఎవరి మీద ఒరగలే. ఆ ఒక్కపూట నీ మీద ఒరిగింది. దాన్ని గట్లనే గుర్తుపెట్టుకో" అంది.

గుర్తుపెట్టుకున్నాను. అయినా ఆ భుజం ఇప్పటికీ బరువే...

ఇప్పుడు వీధికో క్లినిక్. చల్లటి గది, టోకెన్, గోడ మీద వెలిగే నంబర్. వెళ్లినప్పుడల్లా నా కళ్లు నంబర్ మీద ఉండవు. కుర్చీల్లో ఎవరైనా మాటా పలుకూ లేకుండా కూర్చున్నారా అని వెతుకుతాయి. మీరూ ఒక్కసారి చూడండి. ఛాతీ పట్టేసినట్టుంటే, చెమటలు పోస్తుంటే, దయచేసి ఏ వరసలోనూ కూర్చోకండి. ఎవరేమనుకున్నా సరే.

అందరి జ్వరాలూ చూసి, తన నొప్పి మాత్రం "గింత దానికా" అని తీసిపారేసిన మనిషి మీ ఇంట్లో ఎవరు? వాళ్ల పేరు కింద రాయండి... ఒక్కసారైనా అందరికన్నా ముందు వాళ్ల పేరు పలుకుదాం.