పులివెందుల కింద కువైట్

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన డ్రైవరు పనికి కువైట్ వెళ్లారు. నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపులో కంప్యూటర్ పని చూసేదాన్ని. ఎండను బట్టి నూలు చీరల అమ్మకం తెలియాలని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని మా మూడు షాపుల అమ్మకాలనూ, ఆ ఊళ్ల ఎండ వివరాలనూ కోడ్ రాసి క్లౌడ్‌కు కలిపాను. పరీక్షకని కువైట్ ఎండనూ చేర్చి, రోజూ చూసుకునేదాన్ని.

యజమానికి చూపించే రోజు దాన్ని తీసేయడం మరిచాను. తెరమీద పులివెందుల కింద కువైట్ కనిపించింది.

"కువైట్‌లో మనకు షాపు యాడుందమ్మా?" అన్నారాయన. షాపువాళ్లందరూ నవ్వారు.

"మా ఇంటాయన ఆడుండాడు సార్," అన్నాను తలవంచుకుని. నవ్వులు ఆగాయి.

"శానా ఎండగా ఉందే. ఫోన్ చేసి మాట్లాడిరా పో," అన్నారు యజమాని, తెరమీద కువైట్ ఎండ చూసి.

మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను.

"ఏంది, ఈ టైములో?" అన్నారు మా ఆయన.

"ఊరికే," అన్నాను.

ఇద్దరం ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాం. ఆయన అంత దగ్గరగా ఉన్నట్టు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.