ఎర్ర దారం పైకి

మా అక్కను ఇచ్చిన ఊరికి ధర్మవరం నుంచి బత్తలపల్లి పోయే బస్సెక్కి, దారిలో దిగి రెండు మైళ్లు నడవాలి. ఇరవై మూడు ఇళ్లు. ముందు చెరువు, వెనక వంక అనే వాగు. మామూలు రోజుల్లో చుట్టూ దుమ్మే. వానలు బాగా పడిన ఏడు మాత్రం చెరువు నిండి మరువ మీదుగా పారి, వంక పొంగి, రెండు నీళ్లూ ఊరి రెండు కొసల్లో కలిసిపోయేవి. అప్పుడా ఊరు, దాని పక్కనున్న మెట్ట చేలు, ఒక దీవి. యాభైల చివర వరసగా కొన్నేళ్లు అలా పడ్డాయి. మా సీమలో అది వింతే. నేను లెక్కపెట్టిన మూడేళ్లలో ఊరు దీవిగా ఉన్న రోజులు ముప్పై ఆరు, నలభై ఒకటి, ముప్పై తొమ్మిది.

తాగే నీళ్ల చేదబావి వంకకు అవతల ఉండేది. మగవాళ్లు నడుము లోతు నీళ్లలో దాటగలిగినా, నెత్తిన కడవతో ఆడవాళ్లు దాటలేరు. అందుకని ఆ రోజుల్లో తాగడానికి ఊళ్లోని దిగుడు బావి ఒక్కటే దిక్కు. పదకొండు మెట్లు దిగి, మోకాటి లోతున నిలబడి కడవ ముంచుకోవాలి. చుట్టూ కంటికి ఆనినంత మేర నీళ్లే, నోట పోసుకోవడానికి మాత్రం ఆ మెట్ల కింది నీళ్లు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బడి మూడో తరగతితో ఆగింది. లెక్క నాకు నేనుగా నేర్చుకున్నదే. ధర్మవరంలో ఒక మగ్గాల ఇంట్లో పడుగు పోగులు లెక్క చూసే పని చేసేవాణ్ణి.

మొదటి ఏడు నేను వంక దాటి వెళ్లేసరికి మా బావ వాకిట్లో తిన్నె మీద కాలు చాపుకుని పడి ఉన్నాడు. నారికురుపు. చీలమండ దగ్గర బొబ్బ పగిలి, తెల్లటి పోగులాంటి పురుగు కొన బయటికి వచ్చింది. దాన్ని చీపురు పుల్లకు చుట్టి రోజుకింత లాగుతున్నారు. తెగితే కాలంతా వాస్తుంది. నూలు పోగులు చూసి బతికే నేను ఆ పోగును చూడలేక మొహం తిప్పుకున్నాను. సరిగ్గా వేరుశనగ పెరికే రోజులవి. కూలివాళ్లు వంక దాటి రారు. ఇంటికి పనిచేసే మగవాడు ఆయనొక్కడే.

ఆ వారమే పెనుకొండ నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు ఒకాయన ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వంక దాటి వచ్చాడు.

"ఈ పురుగు పోయినేడు మీరు తాగిన నీళ్లల్లో వచ్చిందమ్మా," అని అక్కతో చెప్పాడు. "పుండున్న మనిషి నీళ్లల్లో కాలు పెడితే పురుగు పిల్లలు బావిలో పడతాయి. ఆ నీళ్లు తాగినోళ్లకు మళ్లా ఏడాదికి ఇట్ల బయటికొస్తుంది. దట్టమైన గుడ్డలో వడగట్టుకుని తాగండి."

అక్క అత్త నవ్వింది. "మా కాలంలో గుడ్డ మనుషులకే చాలేది కాదు. ఇప్పుడు కడవలకు గూడా కోకలు కట్టల్లంట!"

నేను మర్నాడే ధర్మవరం పోయి, ఒత్తు నేత తెల్ల గుడ్డ రెండు గజాలు తెచ్చి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వడగట్టని చుక్క ఎవరి గొంతూ దిగలేదు. పశువుల కాడికి పోయేటప్పుడు కూడా బావ చెంబుకు అక్క గుడ్డ ముక్క కట్టి పంపేది.

రెండో ఏడు అదే రోజుల్లో బావ రెండో కాలికి బొబ్బ లేచింది. పెరకని కాయలు తడి నేలలోనే మొలకెత్తాయి. అక్క మామ తిన్నె కింద నిలబడి, కొడుకు వైపు చూడకుండా అన్నాడు:

"ఇంగొక ఏడు చూస్తా. అప్పుడూ పడిపోతే చేను గుత్తకిచ్చేస్తా."

బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా ఇస్తే తన చేలో ఇంకొకడు కాయ పెరుకుతుంటే తిన్నె మీద నుంచి చూడాల్సిన గతి ఆయనది. అత్త ఊరుకోలేదు. "ఏమ్మే, ఏడాదిపొడుగునా వడగడితివే, యాడికి పాయె నీ వడగట్టుడు?"

నేను పని దగ్గరి భూతద్దం తీసుకుపోయి గుడ్డ పోగులు లెక్కపెట్టాను. అంగుళానికి నిలువు అరవై నాలుగు, అడ్డం అరవై. మూడు చోట్ల చూశాను. ఎక్కడా సడలలేదు, చిరగలేదు.

"గుడ్డ తప్పు కాదక్కా."

"అయితే నాదా?" అంది.

ఆమె లోపలికి పోయి సంగటికి రాగిపిండి జల్లించడం మొదలుపెట్టింది. నేను గడపలో కూర్చుని ఇంకా ఆ పోగులే చూస్తున్నాను. పొట్టు పారబోసి, కన్నాల్లో ఇరుక్కున్నది పోవడానికి ఎప్పటిలాగే జల్లెడ బోర్లించి తట్టింది. సన్నపొట్టు రాలింది. మళ్లీ తట్టబోయి ఆగింది. లేచి వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది.

"అబ్బీ, దీనికి పై ఏది, కింద ఏది?"

పట్టుచీర మంచి వైపేదో కళ్లు మూసుకుని తడిమి చెప్పేవాణ్ణి. ఆ తెల్ల గుడ్డకు చెప్పలేకపోయాను.

"పొద్దున పైనుండేది సాయంత్రానికి కిందికి పోతాంటే, పట్టిన పురుగును మనమే కడవలోకి దులుపుకుంటాండాం గదరా!"

పాత చీర అంచు నుంచి ఎర్ర దారం లాగి, గుడ్డకు ఒక మూల నాలుగు కుట్లు వేసింది. ఎర్ర దారం ఎప్పుడూ పైకి ఉండాలి. వడగట్టాక గుడ్డను పెరట్లో బూడిద దిబ్బ మీద జాడించాలి. అంతే. భూతద్దం నేను జేబులో పెట్టుకున్నాను.

ఆమె అంతటితో ఆగలేదు. కాలు మండుతోందని బావ బావి మెట్ల మీదికి పోబోతే అడ్డం నిలబడింది.

"ఆ నీళ్లల్లో అయితే సల్లగుంటాదే," అన్నాడాయన.

"సల్లదనమే గదా, ఈడికే తెస్తా. బావిలో కాలు పెట్టినావంటే వచ్చే ఏటికి ఇప్పుడే ఇత్తనాలు చల్లినట్లే."

మేకల రాతితొట్టి తిన్నె దగ్గరికి జరిపించి, పురుగు పూర్తిగా వచ్చేదాకా రోజుకు నాలుగు కడవలు పోసింది. పదకొండు మెట్లు, నాలుగు సార్లు, ఇరవై ఆరు రోజులు. ఆ తొట్టి నీళ్లు కూడా బూడిద దిబ్బ మీదే పారబోసింది. ఆ మధ్యలోనే ఇల్లిల్లూ తిరిగి, వడగట్టడానికి గుడ్డ తీసిచ్చిన ప్రతి ఇంటి గుడ్డకూ దారం కుట్టింది. పంతొమ్మిది ఇళ్లు ఒప్పుకున్నాయి. తక్కినవాళ్లు నవ్వారు. అక్క ఎవరికీ కోపంగా బదులు చెప్పగా నేను వినలేదు.

మూడో ఏడు దీవి అయిన ఇరవై ఎనిమిదో రోజున, బట్టలు నెత్తిన కట్టుకుని వంక దాటాను. ఇంటికి గొళ్లెం. తిన్నె ఖాళీ. రాతితొట్టిలో మేక నీళ్లు తాగుతోంది. నా కాళ్లు వాటంతట అవే చేని వైపు నడిచాయి.

బావ వంగి వేరుశనగ చెట్లు పెరుకుతున్నాడు. పక్క సాల్లో అక్క. వెనక మామ, అత్త కుప్పలు వేస్తున్నారు.

"ఏమప్పా బామ్మర్దీ," అన్నాడు నడుము ఎత్తకుండానే, "నా మొగం చూస్తాండావా, కాళ్లు చూస్తాండావా?"

"కాళ్లే."

ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూపించాడు. మట్టి తప్ప ఏమీ లేదు. ఆ ఏడు ఊళ్లో రెండిళ్లలో నారికురుపు వచ్చింది. అందులో ఒకటి దారం కుట్టించుకున్న ఇల్లే. ఎందుకో నేను తేల్చలేకపోయాను. అంతకు ముందు ఏడు తొమ్మిది ఇళ్లు.

దాహమై గట్టు మీది కడవ దగ్గరికి పోయాను. చెంబు మీద గుడ్డ పరిచి కడవ వంచబోతుంటే అక్క కేక వేసింది.

"ఆగబ్బీ! దారం యాడుండాది?"

చూశాను. కిందికి ఉంది. తిప్పి పరిచాను.

"అయినవీ కానివీ అన్నీ లెక్కపెడతాడు," అని అత్త కాయలు దులుపుతూ అంది, "ఒక్క దారం కనపడదు ఈయప్పకు."

అక్క నవ్వి, మళ్లీ చెట్ల మీదికి వంగింది.